చక్రాల వైపే చూసిన మనిషి

రైలు వస్తుంటే ఎవరైనా ఏం చూస్తారు? ఇంజన్ని చూస్తారు, కిటికీల్లో మొహాల్ని చూస్తారు. యుసేబియో అర్చులెటా మాత్రం చక్రాలు చూసేవాడు. అది అతని ఉద్యోగం. కొలరాడో నది కొండల్ని కోసుకుంటూ పోయే ఆ ఇరుకు లోయలో, పట్టాల పక్కనే రైలు కంపెనీ పట్టాల గ్యాంగు కోసం కట్టించిన పసుపురంగు ఇంట్లో అతనూ, భార్య డెల్ఫీనా కాపురం ఉండేవారు. ఆ లోయలో ఉన్న పట్టాల ముక్కకి అతను మేస్త్రీ. బండి వస్తోందంటే చేతిలో గునపం పక్కన పడేసి, పట్టాలకి అల్లంత దూరంలో నిలబడి, పోయే ప్రతి చక్రాన్నీ చూడాలి. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, బ్రేకు పట్టేసి నిప్పురవ్వలు రాలుతున్నాయా, ఏ గొలుసైనా కిందికి వేలాడుతోందా. అంతా బాగుంటే చివరి పెట్టెలో ఉన్నవాడికి చెయ్యెత్తి చూపించాలి. ఇరుసు కాలుతుంటే ముక్కు మూసుకుని చూపించాలి. వానైనా మంచైనా, జ్వరమొచ్చినా సరే, అతను ఒక్క బండిని కూడా చూడకుండా వదల్లేదు. మొండిఘటం.

అతని వెనక, ఇంటి మెట్టు మీద, డెల్ఫీనా నిలబడి ప్రయాణికులకి చెయ్యి ఊపేది. అది ఎవరూ అప్పజెప్పిన పని కాదు. లోయలో ఇంకో ఇల్లు లేదు, పలకరించే మనిషి లేడు. పోయే బండిలో మనుషులున్నారు గదా, ఊపితే నా సొమ్మేం పోయింది అనేది.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకి అద్దాల మేడ ఉన్న బోగీలు వచ్చాయి. బోగీ మధ్యలో నాలుగు మెట్లెక్కితే పైన అంతా గాజు కప్పు. అందులో కూర్చుంటే కొండలూ నదీ ఆకాశం అన్నీ ఒళ్ళో ఉన్నట్టే. ఒక పెద్దాయన ఇదే లోయలో ఇంజన్లో కూర్చుని పోతూ, ఈ అందమంతా డ్రైవరుకేనా, టిక్కెట్టు కొన్నవాడు ఏం పాపం చేశాడు అనుకున్నాడట, అలా పుట్టిందట ఈ మేడ. రైలు వాళ్ళు చెప్పుకునే మాట అది. డెల్ఫీనాకి ఆ కథంటే చెవికోసుకునేంత ఇష్టం.

"మన లోయలో పుట్టిన మేడ అయ్యా అది! ఒక్కసారి తలెత్తి చూడు, ఎంత చక్కగా మెరుస్తుందో. అందులో వాళ్ళందరూ నాకు చేతులూపుతారు, తెలుసా?"

"పైన బరువు పెరిగింది, కింద ఇరుసుకి పని పెరిగింది" అనేవాడు యుసేబియో. "నాకు తెలిసింది అంతే. నేను తలెత్తి నీ టోపీ రాణుల్ని చూస్తూ కూర్చుంటే, వాళ్ళంతా నదిలో తేలతారు."

ఒక్క విషయంలో మాత్రం అతను డెల్ఫీనాని ఏనాడూ క్షమించినట్టు కనిపించేవాడు కాదు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడ ఉతికిన దుప్పటి ఇంటి ముందు తీగమీద ఆరేసింది. పెద్ద గాలి. దుప్పటి తపతపా కొట్టుకుంటోంది. అటుగా వస్తున్న గూడ్సు బండి కీచుమంటూ ఆగిపోయింది. రైలు రూలు అలాంటిది మరి. పట్టాల పక్కన ఎవరైనా సరే, ఏ వస్తువైనా సరే, గట్టిగా ఊపితే అది ఆపమనే గుర్తు. ఊపింది పిల్లాడా పిచ్చివాడా అని డ్రైవరు ఆలోచించకూడదు, ఆపి తీరాలి. డ్రైవరు దిగి వచ్చి చూస్తే ఏముంది, దుప్పటి! ఆ తరవాత ఎంత కాలమో రైలు వాళ్ళు యుసేబియోని చంపుకు తిన్నారు. "ఏం సేబియో, ఇవాళ మీ ఇంట్లో ఉతుకులు లేవు గదా? మేం ధైర్యంగా వెళ్ళొచ్చా?" అని కేకలేస్తూ పోయేవారు. అతని పరువు గంగలో కలిసింది. ఆ సాయంత్రమే తీగ పీకి ఇంటి వెనక కట్టాడు.

"చెయ్యి ఊపుకో. నీ చెయ్యి నీ ఇష్టం" అన్నాడు పెళ్ళాంతో. "గుడ్డముక్క మాత్రం నీ చేతిలో కనబడితే ఊరుకోను."

డెల్ఫీనా ఆ మాటని ఎంత నెత్తిన పెట్టుకుందంటే, బండి వచ్చే వేళకి ముక్కు తుడుచుకునే రుమాలు కూడా జేబులో కుక్కి గాని బయటికి వచ్చేది కాదు.

అలా ఇద్దరి జుట్లూ నెరిశాయి. చివరికి, ఎవరికి రాకూడదో ఆ మనిషికే వచ్చింది ఆ జబ్బు. యుసేబియో కంటిచూపు అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. మొదట అతను ఎవరికీ చెప్పలేదు. పొయ్యి పక్కన మోకాలు కొట్టుకుంటే కుర్చీని తిట్టేవాడు. బల్ల మీద ఉప్పు బుడ్డి చేత్తో తడుముకుంటుంటే డెల్ఫీనా ఏమీ అనకుండా బుడ్డిని అతని చేతి కిందికి జరిపేది. పొద్దు వాలితే మరీ ఇబ్బంది. మసక వెలుతురులో ఎదుటి మనిషి కంటికి ఆనేవాడు కాదు. కంపెనీ వాళ్ళు మేస్త్రీలందరికీ కళ్ళ పరీక్ష పెట్టినప్పుడు బండారం బయటపడింది. డెన్వరు ఆసుపత్రికి పొమ్మన్నారు.

డాక్టరు మంచివాడే. నెమ్మదిగా చెప్పాడు. "మీరిప్పుడు గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తున్నారు. ఆ గొట్టం ఇంకా సన్నబడుతుంది. వచ్చే చలికాలానికి ఏమీ మిగలకపోవచ్చు. పని మానెయ్యండి. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూసుకోండి."

చూడాలనుకున్నవి. యుసేబియో ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆలోచించాడు. ఏమీ తట్టలేదు. జీవితమంతా ఇనప చక్రాలు చూసినవాడికి ఏం తడుతుంది? స్టేషనుకి నడిచాడు.

పడమటికి పోయే పగటి బండిలో ఎక్కాడు. కంపెనీ ఇచ్చిన ఉచిత పాసు జేబులో ఉంది. ఆ బండి వాళ్ళ ఇంటి దగ్గర ఆగదు. లోయ దాటాక వచ్చే స్టేషనులో దిగితే, డెల్ఫీనా అన్న కొడుకు క్రిసోఫొరో, గ్యాంగులో పనివాడే, మోటారు ట్రాలీ మీద వెనక్కి తీసుకొస్తాడు. అదీ ఏర్పాటు. యుసేబియో మేడ ఉన్న బోగీలోనే కింద నడవ పక్క సీటులో ముడుచుకుని కూర్చున్నాడు.

కిటికీ పక్కన తెల్లజుట్టు ముసలావిడ కూర్చుంది. పేరు హుల్డా లిండ్‌క్విస్ట్, ఊరు నెబ్రాస్కా. ఏటా ఇదే బండిలో కాలిఫోర్నియాలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతుందట. అడక్కుండానే చెప్పింది. అడక్కుండానే సంచీ లోంచి యాలకుల రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"తిను బాబూ, మొహం అలా వేలాడేసుకుని కూర్చున్నావు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగున్నారమ్మా."

"అయితే తిను మరి. విమానంలో పొమ్మని గొడవ చేస్తాడు మా అల్లుడు. అందరూ విమానాల్లోనే పోతున్నారు, ఈ బండి కూడా తీసేస్తారట ఇవాళో రేపో. తియ్యనీ. అప్పటిదాకా నేను దీన్లోనే పోతాను. విమానంలోంచి నాకు ఎవరు చెయ్యి ఊపుతారు?"

యుసేబియో రొట్టె నముల్తూ మర్యాదకి తలూపాడు.

"నవ్వకు. మధ్యాహ్నం లోయ వస్తుంది చూడు, నేను సరిగ్గా ఆ వేళకి పైన మేడలోకి పోతాను. లోయ కోసం కాదు. అందులో పట్టాల పక్కన ఒక పసుపు ఇల్లుంది. ఇంటి మెట్టు మీద ఒకావిడ నిలబడి ఉంటుంది. నీలం ఏప్రను. ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకుంటుంది, కుడి చెయ్యి ఊపుతుంది. మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా, ఒక్క కిటికీని కూడా వదలకుండా ఊపుతుంది బాబూ! మా ఆయన చనిపోయిన ఏడు ఒక్కదాన్నీ పోతున్నాను. ఒకటే ఏడుస్తున్నాను. ఆవిడ నన్నే చూసి ఊపినట్టు అనిపించింది. నాకు ఆ పూట కాస్త అన్నం సయించిందంటే ఆవిడ చలవే."

యుసేబియో నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఆవిడ ముందు ఒక మగవాడు కూడా ఉంటాడు" అంది హుల్డా. "వాళ్ళాయనేమో. మొద్దులా నిలబడి నేల చూపులు చూస్తుంటాడు. ఒక్కసారైనా తలెత్తడు. అంత చక్కటి మనిషి వెనక నిలబడితే, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడొద్దూ? ఏం మనిషో!"

"చక్రాలు చూస్తాడమ్మా" అన్నాడు యుసేబియో మెల్లిగా. "ఆ మొద్దుని నేనే."

ముసలావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా నోరు పడ!" అని, సంచీలోంచి ఇంకో రొట్టె తీసి ఇచ్చింది.

అతనికి కోపం రాలేదు. ఆలోచనలో పడ్డాడు. నడుం మీద ఎడం చెయ్యి. నిజమే గదా, డెల్ఫీనా అలాగే నిలబడుతుంది, పొయ్యి దగ్గరైనా సరే. అయితే బండి పోతుంటే మెట్టు మీద ఎలా ఉంటుందో మాత్రం అతనికి తెలీదు. అతని వీపు ఎప్పుడూ ఆమె వైపే ఉండేది. ఇన్నేళ్ళలో ఎక్కడెక్కడి వాళ్ళో, ఊరూ పేరూ తెలియనివాళ్ళు, నెబ్రాస్కా ముసలమ్మలు, అందరూ అతని భార్యని చూశారు. చూడనిది అతనొక్కడే. ఈ పిచ్చిది అన్నేళ్ళూ ఎవరికోసం నిలబడిందో, తను ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే ఎంత సంబరపడేదో అని తలుచుకున్నాడు. డాక్టరు అడిగిన దానికి అప్పుడు దొరికింది జవాబు. చూడాల్సింది ఒకటుంది. పై మేడలోంచి, దారే పోయే ప్రయాణికుడు చూసినట్టుగా, డెల్ఫీనా చెయ్యి ఊపడం చూడాలి.

అంతలో బండి ఆగిపోయింది. ముందు పోతున్న గూడ్సు బండి ఎక్కడో కొక్కెం తెగి దారికి అడ్డంగా కూర్చుందట. ఒక చిన్న స్టేషనులో పడేశారు వీళ్ళని. పొద్దు కొండల మీదికి జారుతోంది. యుసేబియో ఆకాశం వంక భయంగా చూశాడు. చీకటి పడితే అంతా అయిపోయినట్టే. రేపటి నుంచి అతను మేస్త్రీ కాదు, ఈ బండీ ఎన్నాళ్ళుంటుందో తెలీదు, వచ్చే చలికాలానికి కళ్ళుండవు. దిగి, స్టేషను మాస్టరుని బతిమాలి, రైలు ఫోన్లో, లోయలో పని మీదున్న క్రిసోఫొరోని పట్టుకున్నాడు.

"మావయ్యా! డాక్టరేమన్నాడు?"

"అది తరవాత. మీ అత్తకి చెప్పు, నేను పైన అద్దాల మేడలో కూర్చుని వస్తానని. రోజూ నిలబడే చోటే నిలబడమను. చెయ్యి ఊపమను."

"మావయ్యా, తాగావా?"

"చెప్పింది చెయ్యరా వెధవా!"

"చెబుతాలే. కానీ చీకటి పడేట్టుంది గదా. నీకు చీకట్లో..."

"చెప్పమన్నానా!" అని ఫోను పెట్టేశాడు.

బండి మళ్ళీ కదిలింది, కానీ తాబేలు నడక. లోయ మొదలయ్యేసరికి కొండల కింద నీడ నల్లబడుతోంది. హుల్డా లేచి, అతని చెయ్యి పట్టుకుని, బోగీ మధ్యలో ఉన్న మెట్ల దాకా లాక్కుపోయింది. మెట్ల దగ్గర అతను కాళ్ళు బిగపట్టాడు.

"నేను పాసు మీద వస్తున్నానమ్మా. పాసు వాళ్ళు డబ్బిచ్చి కొన్నవాళ్ళ సీటులో కూర్చోకూడదు. పైన ఖాళీ ఉండదు. రూలు."

"నీ రూలు తగలెయ్య! నీ పెళ్ళాన్ని చూడ్డానికి రూలేమిటయ్యా?"

అప్పుడే అటు వచ్చాడు కండక్టరు ఓర్విల్ ప్రూయిట్. బండికి పెద్ద అతనే. బిగించి కట్టిన నల్లకోటు, జేబులో గడియారం, మొహంలో నవ్వన్న మాట లేదు. యుసేబియో అతనికి తెలుసు, చక్రాలు బాగున్నాయని చెయ్యెత్తి చూపించే మనిషిగా. "ఏమిటి సేబియో, పైకా? పైన నిండిపోయింది. పాసు మీద..."

"తెలుసు ప్రూయిట్. నేను ఎక్కడంలేదు."

"ఎక్కుతున్నాడు" అంది హుల్డా. "పైన నాకో సీటుంది. పొద్దున్నే నా టోపీ పెట్టి వచ్చాను. నేను టిక్కెట్టు కొన్నాను, రొక్కం ఇచ్చి కొన్నాను. నా సీటులో నా టోపీని కూర్చోబెడతానో, ఈ మనిషిని కూర్చోబెడతానో నా ఇష్టం. కాదంటావా?"

టోపీ గురించి రూలు ఎక్కడా లేదు మరి. ప్రూయిట్ గడియారం తీసి చూసుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

యుసేబియో జీవితంలో మొదటిసారి మేడ మెట్లెక్కాడు. హుల్డా అతన్ని ఎడమవైపు సీటులో కూర్చోబెట్టి, పక్కన మెట్టు మీద తను చతికిలబడింది. చుట్టూ జనం కొండల అంచున మిగిలిన ఎర్రటి వెలుగుని చూసి అబ్బా అబ్బా అంటున్నారు. అతనికి తలమీద ఒక ఎర్రటి చుక్క మాత్రం ఆనింది. మిగతా అంతా బూడిద. కళ్ళు నులుముకున్నాడు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పినట్టు తల తిప్పాడు. ఎటు తిప్పినా బూడిదే.

కానీ చెవులున్నాయి గదా. కింద చక్రాలు చెబుతున్నాయి అతనికి. ఇదిగో ఇనప వంతెన. ఇదిగో తను పోయినేడు మార్పించిన పట్టా, ఇంకా కొత్త గొంతుతో పాడుతోంది. ఇప్పుడు మలుపు. మలుపు తిరిగితే ఇల్లు. అతను గాజుకి నుదురు ఆనించాడు. ఊపిరికి గాజు మసకేసింది, చేతి కఫ్ఫుతో తుడిచాడు. ఇల్లు కొండ నీడలో ఉంది. ఏమీ లేదు. ఏమీ కనబడ్డంలేదు. అక్కడ తను నిలబడే ఉంటుంది, ఊపుతూనే ఉంటుంది, ఇప్పుడు కూడా నేను చూడను. ఇన్నేళ్ళూ వీపు చూపించాను, ఇవాళ మొహం చూపించినా లాభం లేదు. అతను పైకే అనేశాడు, "పోయింది. ఇక అంతే."

అప్పుడు కనబడింది. ముందు పెట్టెల కప్పుల మీదుగా, ఇంజను దీపం వెలుతురులో, తెల్లగా, పెద్దగా, అటూ ఇటూ కొట్టుకుంటూ. దుప్పటి!

ముందు లేచింది అతని లోపలున్న మేస్త్రీయే. "ఆపండి! ఆపమంటోంది!" అని అరిచాడు. అరవక్కర్లేదు, డ్రైవరు చూడనే చూశాడు. బ్రేకులు కీచుమన్నాయి. మేడలో టోపీలు దొర్లాయి, కాఫీ కప్పులు ఒలికాయి. నెమ్మదిగా పోతున్న బండి కాబట్టి సరిపోయింది. మూలుగుతూ మూలుగుతూ వచ్చి, మేడ ఉన్న బోగీ సరిగ్గా పసుపు ఇంటి ముందుకి రాగానే నిలిచిపోయింది.

కింది కిటికీల వెలుతురు వాకిట్లో పడింది. ఆ వెలుతురులో డెల్ఫీనా ఉంది. దుప్పటి వదిలేసింది. అది ఆమె పాదాల దగ్గర కుప్పగా పడింది. ఆమె మెట్టు ఎక్కి, ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడి చెయ్యి ఎత్తి, ఊపడం మొదలుపెట్టింది. అతను ఎక్కడున్నాడో ఆమెకి కనబడదు. అందుకని ఒక్కొక్క అద్దాన్నీ చూస్తూ, ఏ అద్దం వెనక ఉన్నాడోనని, ఒక్కదాన్నీ వదలకుండా ఊపుతోంది. నీలం ఏప్రను. నెరిసిన జుట్టు. చెంపలు తడిగా ఉన్నాయి. అన్నీ ఆ చిన్న గుండ్రంలో పట్టాయి. ఇంకేమీ పట్టక్కర్లేదు.

"చూశావా?" అంది హుల్డా.

"చూశాను" అన్నాడు. "అమ్మా, ఎంత బాగుందో! నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ పెద్దమనిషి అంతమంది పరాయివాళ్ళ మధ్య కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. హుల్డా కూడా ఏడ్చింది. కారణం తెలియకపోయినా మేడలో ఉన్నవాళ్ళంతా డెల్ఫీనాకి చేతులూపారు.

అతను తడుముకుంటూ కిందికి దిగేసరికి ప్రూయిట్ అప్పటికే లాంతరు పట్టుకుని వాకిట్లో ఉన్నాడు. ఇంజను మీదినుంచి డ్రైవరు కేకలేస్తున్నాడు. "ఏమైందటా? రాయి పడిందా? పట్టా విరిగిందా?"

"ఏమిటమ్మా ప్రమాదం?" అన్నాడు ప్రూయిట్. "ఎందుకు ఊపావు?"

"మా ఆయన కళ్ళు పోతున్నాయి. చీకట్లో నా చెయ్యి ఆనదు. దుప్పటైతే ఆనుతుందని ఊపాను."

"రూలు తెలీదా నీకు?"

"నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు బాబూ? మర్చిపోయి ఊపలేదు. కావాలనే ఊపాను. రూలు తెలుసు గనకే ఊపాను."

యుసేబియో ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "తప్పు నాది. వేసే శిక్షేదో నాకు వెయ్యి ప్రూయిట్. నేనే నిలబడమన్నాను. నా ఉద్యోగం ఎలాగూ పోయింది, దాన్ని మాత్రం ఏమీ అనకు."

ప్రూయిట్ లాంతరు ఎత్తి అతని మొహం చూశాడు. తరవాత డెల్ఫీనా మొహం, కింద పడున్న దుప్పటి చూశాడు. తల ఎత్తి మేడని చూశాడు, అక్కడ అందరూ ముక్కులు గాజుకి ఆనించి కింద ఏం జరుగుతోందోనని చూస్తున్నారు.

"పట్టాల పక్కన ఎవరైనా గుడ్డ ఊపితే ఆపాలి" అన్నాడు చివరికి. "ఊపారు. ఆపాం. ఇందులో రూలు తప్పినవాడు నాకెవడూ కనబడ్డంలేదు. ఆగిన బండిలోంచి ఒకడు తన ఇంటి దగ్గర దిగాడు. అంతే గదా? సంచీ తెచ్చుకున్నావా సేబియో?" అని, గొంతు సవరించుకుని, "ఇవాళ ఉతుకులు ఆలస్యమయ్యాయన్నమాట" అన్నాడు. ఆ మనిషి నవ్వడం ఆ లైను మీద ఎవరైనా చూశారంటే ఆ రోజే.

ప్రూయిట్ ఎక్కి, పొమ్మని లాంతరు ఊపాడు. బండి ఒక్క కుదుపుతో కదిలింది.

కదిలిన వెంటనే యుసేబియో ఒళ్ళు దానంతటదే తిరిగింది. కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ వంచి, చక్రాల వైపు చూశాడు. నల్లగా ఉంది. చప్పుడు వస్తోంది, చక్రాలు లేవు. మొదటి పెట్టె పోయింది, రెండోది పోయింది, ఒక్క చక్రం కూడా అతనికి ఆనలేదు. చూడకుండా ఏనాడూ బండిని వదల్లేదు అతను. "డెల్ఫీనా, నాకు కనబడ్డంలేదే" అన్నాడు.

ఆమె అతని గడ్డం పట్టుకుని తలని పైకి ఎత్తింది. ఉప్పు బుడ్డి జరిపినట్టే, ఏమీ కానట్టే.

"నువ్వు పైకి చూడు. కిందిది నేను చూస్తాన్లే. ఇన్నేళ్ళు నీ వెనక నిలబడ్డాను, ఏం చూడాలో నాకు తెలీదూ?"

అతను పైకి చూశాడు. అప్పుడే మేడలో దీపాలు వెలిగించారు. చీకట్లో గాజు మేడ ఒక్కటే పసుపుగా కదిలిపోతోంది, నిండా మనుషులు. అందులో ఒక తెల్లజుట్టు తల, ఊగే ఒక చెయ్యి. యుసేబియో తన చెయ్యి ఎత్తాడు. ఊపడం అలవాటు లేని చెయ్యి గదా, ముందు మొరాయించింది. తరవాత ఊపాడు, ఎవరికని లేకుండా, మేడ అంతటికీ. పక్కన డెల్ఫీనా నడుం కాస్త వంచి, ఒక్కొక్క చక్రం దాటుతుంటే "బాగుంది, బాగుంది, ఇదీ బాగుంది" అని గొణుక్కుంటోంది. చివరి పెట్టె రాగానే నిటారుగా నిలబడి, అతను ఎత్తినట్టే, చెయ్యెత్తి చూపించింది. అటునుంచి లాంతరు జవాబు చెప్పింది.

"అన్నీ చూశావా?" అన్నాడు.

"అన్నీ చూశాను. ఒక్కటి వదల్లేదు. పొగ లేదు, నిప్పు లేదు" అంది. "దుప్పటి మట్టిపాలైంది, రా, ఈ కొస పట్టుకో."

కొస అతని చేతికిచ్చి ఆమె రెండో కొస పట్టుకుని వెనక్కి నడిచింది. దులిపారు. ఒకసారి మడిచారు. ఇంకో మడతకి ఇద్దరూ ఎదురెదురుగా నడిచి దగ్గరికి రావాలి. ఆమె ఎంత దూరంలో ఉందో అతనికి ఆనలేదు. చేతిలో గుడ్డ బిగువుని బట్టి నడుచుకుంటూ వెళ్ళాడు.